శిక్షకుడును విద్యార్థియే

ఆట నేర్పువాడు తాను నేర్చుకొనుట మానినచో నష్టపడునది ఆటగాడు. శిక్షకుని ఉద్యోగము ముప్పది యేండ్లు సాగవచ్చును. ఆటగాని దేహబలము పది పన్నెండేండ్ల మాట. పాతబడిన పాఠము ఆ కొద్దికాలమును వ్యర్థము చేయును.

హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. మరుసటి యేడే హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మనపై పది గోల్సు చేసెను. మనవారు చేసినది ఒక్కటే. మన ఆటగాండ్రలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. గెలుపు దాచిన లోపములను ఓటమి బయటపెట్టెను.

రహీం నిన్నటి పతకమును చూచుకొని కూర్చుండలేదు. బంతిని ఒంటరిగా నడుపుకొనిపోవుటకంటె తోడివానికి వెంటనే అందించుట మేలని నేర్పెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో, రక్షణపంక్తిలో ఆడు జర్నైల్ సింగ్ తలకు గాయము కాగా, రహీం అతనిని ముందువరుసకు మార్చెను. తుదిపోటీలో దక్షిణ కొరియాపై మనవారు 2-1తో గెలిచిరి. అందొక గోలు జర్నైలుదే.

కావున శిక్షకుడు ప్రతి పోటీ పిమ్మట తాను చెప్పినదేమి, మైదానమున జరిగినదేమి అని వ్రాసికొనవలెను. ఇతర శిక్షకుల అభ్యాసములను చూచి రావలెను. శిష్యుని సందేహమును ధిక్కారముగా నెంచరాదు. అన్నిటికంటె ముందుగా, నిరుడు గెలిపించిన పాఠమునే మరల పరీక్షింపవలెను.