తల కదిలితే... లోతు తెలుస్తుంది!

1961 జులైలో ఇంగ్లండ్‌లోని హోవ్‌లో జరిగిన కారు ప్రమాదంలో మన్సూర్‌ అలీఖాన్‌ పటౌడీ కుడికన్ను దెబ్బతింది. అప్పటికతని వయసు ఇరవయ్యేళ్లు. జగ్గులోంచి గ్లాసులోకి నీళ్లు వంపబోతే బల్లమీద పడేవని తర్వాత తనే రాసుకున్నాడు. అలాంటివాడు ఆరునెలలు తిరక్కుండా టెస్టుల్లోకొచ్చాడు. 1962లో భారతజట్టు కెప్టెనయ్యాడు. 1964లో ఢిల్లీలో ఇంగ్లండ్‌ మీద 203 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. రంజీల్లో హైదరాబాద్‌ తరఫునా ఆడాడు.

రెండు కళ్లుంటేనే దూరం, దగ్గర తెలుస్తాయని కదా బళ్లో చెబుతారు! మరి ఇదెలా సాధ్యం?

అతని ప్రతిభ సంగతి అలా ఉంచితే, లోతు తెలుసుకోవడానికి మెదడు దగ్గర ఇంకో దారి ఉంది... కదలిక. రైలు కిటికీ పక్కన కూర్చున్న ఏ పిల్లాణ్నడిగినా చెబుతాడు. కరెంటు స్తంభాలు రివ్వున వెనక్కి పోతాయి. పొలంలో తాటిచెట్లు తాపీగా పోతాయి. దూరాన కొండ కదిలీకదలనట్టుంటుంది. చందమామైతే మనతోపాటే వచ్చేస్తాడు! దగ్గరివి వేగంగా, దూరానివి నెమ్మదిగా జరగడంలోని ఈ తేడాని మెదడు దూరాల లెక్కగా మార్చుకుంటుంది. అందుకు ఒక్క కన్ను చాలు. ఎదురుగా దూసుకొచ్చే బంతి సంగతీ అంతే. కంట్లో దాని బొమ్మ ఎంత వేగంగా పెద్దదవుతోందో చూస్తే ఎప్పుడొచ్చి చేరుతుందో అంచనా కట్టొచ్చు.

నిజానికి రైలు కూడా అక్కర్లేదు. తల కాస్త పక్కకి జరిపినా చాలు. దట్టమైన అడవిలో కదలకుండా నిలబడితే కొమ్మా ఆకూ కలగాపులగంగా కనిపిస్తాయనీ, నడవడం మొదలెట్టగానే ఏది ముందుందో ఏది వెనకుందో విడివిడిగా తేలిపోతుందనీ జర్మన్‌ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్‌ పంతొమ్మిదో శతాబ్దంలోనే రాశాడు. 1979లో బ్రియాన్‌ రోజర్స్‌, మౌరీన్‌ గ్రాహమ్‌ దీన్ని ప్రయోగంతో చూపించారు. తెరమీద చుక్కలు చల్లి, ఒంటికంటితో చూడమన్నారు. కదలకుండా చూస్తే వట్టి చుక్కలే. చూసేవాళ్లు తల అటూఇటూ ఆడిస్తుంటే దానికి తగ్గట్టు చుక్కలూ జరిగేలా ఏర్పాటు చేశారు. అంతే, చదునైన తెర రేకులషెడ్డు కప్పులా ఎత్తుపల్లాలతో కనిపించింది!

ఇందులో ఓ చిక్కుంది. ఒక కన్ను మూసి, ముఖం ముందు వేలు పెట్టుకుని కిటికీ ఊచను చూస్తూ తల కుడివైపు జరపండి. వేలు ఎడమకి పోతుంది. ఊచల అవతలి చెట్టు మాత్రం తలతోపాటు కుడికి వస్తుంది. అంటే ఏది ఎటు కదిలిందో తెలిస్తే చాలదు, మనం ఎటు కదిలామో కూడా మెదడుకి తెలియాలి. లేకపోతే దగ్గరిదేదో దూరానిదేదో తేలదు. అమెరికాలోని సెయింట్‌ లూయిస్‌లో కోతులమీద చేసిన పరిశోధన 2008లో వెలువడింది. కదలికను గుర్తించే మెదడు భాగంలోని కణాలు, కోతిని పక్కలకి కదిలించినప్పుడు దగ్గర, దూరాలను వేరుచేశాయి. దాన్ని కదపకుండా బొమ్మ మాత్రమే కదిలిస్తే ఆ తేడా పట్టుకోలేకపోయాయి. తల కదిలేటప్పుడు చూపు నిలపడానికి కన్ను ఎటు తిరుగుతోందన్న సమాచారమే వాటికి ఆధారమని ఆ బృందమే మరుసటి ఏడాది తేల్చింది.

ఇలాగని ఒక కన్ను రెండింటికి సాటి కాదు. సూదిలో దారం ఎక్కించడంలాంటి దగ్గరి పనుల్లో ఆ లోటు తెలిసిపోతుంది. అయితే మెదడు ఊరుకోదు. ఒక కన్ను తీసేయాల్సి వచ్చినవాళ్లు వస్తువు అందుకునేటప్పుడు మిగతావాళ్లకంటే తల ఎక్కువగా కదిలిస్తారని 1995లో కెనడా పరిశోధకులు గమనించారు. ఈ అలవాటు కుదిరేదాకా ఇంట్లోవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. గ్లాసు అందించేటప్పుడు చేతికి తగిలేలా ఇవ్వాలి. టీ వంచుకునేటప్పుడు గిన్నె అంచుని కప్పుకి ఆనించమని చెబితే బల్లమీద ఒలకదు.