టీకా తర్వాత భుజం లేవడం లేదా? పరిహారం అడిగే దారులివి

నూజివీడు తోటల్లో కాయ కోసేవారికి భుజమే పెట్టుబడి. చిక్కం కట్టిన గెడను రోజంతా పైకెత్తి పట్టుకోవాలి. టీకా వేయించుకున్న చెయ్యి నెలల తరబడి లేవకపోతే కూలి పోయినట్టే. హజ్‌కు వెళ్లేవారికి మెనింజైటిస్ టీకా తప్పనిసరి కాబట్టి, ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకూ తెలిసి ఉండాలి.

టీకా వేసిన చోట రెండు మూడు రోజులు నొప్పి మామూలే. అయితే సూది భుజం కండలోకి కాకుండా మరీ పైన దిగితే, మందు కీలు దగ్గరి పొరల్లోకి వెళ్లి వాపు వస్తుంది. సాధారణంగా 48 గంటల్లోపే నొప్పి మొదలై, చెయ్యి సరిగా తిరగదు. వైద్యులు దీన్ని 'సిర్వా' అంటారు. ఇది అరుదు. ఇక్కడ తేడా సూది దిగిన చోటుది, టీకా మందుది కాదు. అందుకని టీకాలు మానొద్దు.

అమెరికాలో టీకాలపై పన్నుతో నడిచే పరిహార నిధి ఉంది. 2017లో సిర్వాను ఆ జాబితాలో చేర్చారు. షరతులకు సరిపోతే ఎవరి తప్పో నిరూపించనక్కర్లేదు. మన దగ్గర భుజం గాయానికి అలాంటి జాబితా లేదు. కోవిడ్ టీకా మరణాల కేసులో బాధితులు సివిల్ కోర్టుకు వెళ్లొచ్చని 2022 నవంబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు తెలిపింది. అక్కడ నిర్లక్ష్యాన్ని మనమే రుజువు చేయాలి.

డబ్బు కట్టి ప్రైవేటులో వేయించుకుంటే 2019 చట్టం కింద సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. గడువు 2 ఏళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు ఆస్పత్రులు ఈ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అప్పుడు సివిల్ దావాయే దారి. ప్రభుత్వంపై దావాకు మామూలుగా 2 నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా, తక్కువ ఆదాయం ఉన్న మగవాళ్లకు కూడా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

ఏ దారైనా కాగితాలే బలం. టీకా కార్డు, బిల్లు దాచాలి. ఏ చేతికి వేశారో, నొప్పి ఎప్పుడు మొదలైందో తేదీతో రాసుకోవాలి. వెంటనే ఏఎన్ఎంకు లేదా పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పి, టీకా తర్వాత వచ్చిన ఇబ్బందిగా నమోదు చేయించాలి. స్కానింగ్ రిపోర్టులు, పోయిన కూలి రోజులకు మేస్త్రీ హాజరు లెక్క జత చేయాలి. 'అదే తగ్గుతుందిలే' అని నెలలు గడిపేస్తే, నొప్పి టీకా వల్లే వచ్చిందని చూపడం కష్టమవుతుంది.