రేడియో నియంత్రిత విన్యాస విమానం

రేడియో నియంత్రిత విన్యాస విమానం అనగా నేలపై నిలబడిన వ్యక్తి రేడియో తరంగాల ద్వారా నడుపుతూ లూప్, రోల్, తలక్రిందుల ప్రయాణం వంటి విన్యాసాలు చేయించగల నమూనా విమానం. దీని ఎంపికలో రూపం, వేగం కంటే నడిపేవారి నైపుణ్యమే ప్రధానం. నైపుణ్యానికి మించిన విమానం తొలి ప్రయత్నంలోనే కూలిపోవచ్చు.

స్థిరత్వం, చురుకుదనం

శిక్షణ విమానంలో రెక్క దేహానికి పైభాగాన ఉంటుంది. రెక్క కొనలు కొద్దిగా పైకి లేచి ఉంటాయి. అందువలన కొద్దిగా ఒరిగినా, తగినంత ఎత్తు ఉంటే, తనంతట తానే సమస్థితికి వస్తుంది. విన్యాసాలకు ఈ గుణమే అడ్డంకి. విన్యాస విమానం ఉంచిన భంగిమలోనే నిలవాలి. దాని రెక్కకు పైన, క్రింద ఒకే వంపు ఉండుటచే తలక్రిందులుగానూ బాగా ఎగురుతుంది. అయితే పొరపాటు జరిగితే నడిపేవారే సరిదిద్దుకోవాలి.

నైపుణ్య స్థాయిలు

* ప్రారంభ స్థాయి: ఐలెరాన్, ఎలివేటర్, రడ్డర్, త్రాటిల్ అనే నాలుగు నియంత్రణలు గల శిక్షణ విమానం తగినది. లూప్, సాధారణ రోల్ దీనితోనే నేర్వవచ్చు. విమానం మనవైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్లు తోస్తాయి. ఇది అలవాటయ్యే వరకు తరువాతి స్థాయికి వెళ్ళరాదు.
* మధ్యమ స్థాయి: రెక్క దేహానికి అడుగున లేక మధ్యన గల క్రీడా విమానం. తలక్రిందుల ప్రయాణం, నెమ్మది రోల్ దీనితో సాధన చేయాలి.
* ఉన్నత స్థాయి: ఇందులో రెండు మార్గాలున్నాయి. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య వారి ఎఫ్3ఎ పోటీలలో విన్యాసాల కచ్చితత్వానికి మార్కులు వేస్తారు. ఈ విమానాల పొడవు, రెక్కల విస్తారం 2 మీటర్లు మించరాదు. రెండవది త్రీడీ విన్యాసం. ఇందులో విమానం ముక్కు పైకెత్తి ప్రొపెల్లరు బలంతో గాలిలో వ్రేలాడగలదు. ఇందుకు ప్రొపెల్లరు లాగే బలం విమానం బరువు కంటే ఎక్కువ ఉండాలి. ఎక్స్‌ట్రా 300, ఎడ్జ్ 540, యాక్ 54 విమానాల నమూనాలు ఇందుకు ప్రసిద్ధి.

ఇతర అంశాలు

రెక్క వైశాల్యంతో పోల్చితే బరువు తక్కువైన విమానం నెమ్మదిగా దిగుతుంది, కాని గాలికి ఎక్కువ ఊగుతుంది. ఫోమ్ విమానాన్ని జిగురుతో సులభంగా బాగుచేయవచ్చు. బల్సా చెక్క విమానం దృఢంగా ఉన్నా మరమ్మతు శ్రమతో కూడినది. గరిమనాభి వెనుకకు జరిగేకొద్దీ చురుకుదనం పెరుగుతుంది, మరీ జరిగితే అదుపు తప్పుతుంది. మొదట ట్రాన్స్‌మిటరులో నియంత్రణ ఫలకాల కదలికను తగ్గించి ఎగరవేయడం మేలు. కొత్త విన్యాసాన్ని ముందుగా కంప్యూటరు సిమ్యులేటరుపై సాధన చేస్తే నష్టం ఉండదు.

భద్రత

తిరిగే ప్రొపెల్లరు వేళ్ళను తెగగొట్టగలదు. జనానికి దూరంగా, బహిరంగ మైదానంలో, కంటికి కనబడేంత దూరంలోనే ఎగరవేయాలి. భారతదేశంలో 2021 డ్రోన్ నిబంధనలు నమూనా విమానాలకూ వర్తిస్తాయి. విమానాశ్రయాల సమీపంలోని నియంత్రిత ప్రాంతాలలో ముందస్తు అనుమతి తప్పనిసరి.