చూరు నీరు ఎవరి బాధ్యత?

ఇటీవల ముమ్మిడివరం వెళ్ళినప్పుడు ఒక మిత్రుని ఇంట మేము ఒక గోడను చూశాము. నడుమెత్తు వరకు పెచ్చులూడి, ఇటుకలు బయటపడి, నాచుపట్టి ఉన్నది. గోడ వారిది, దానిని తడుపుతున్న నీరు పక్కింటి స్లాబుది. రెండు కుటుంబాలవారూ ఒకరి పెళ్ళిళ్ళలో ఒకరు గరిటె పట్టినవారే. మూడు వర్షాకాలాలుగా మాటల్లేవు. “పొరుగువారి హక్కులపై ఎన్ని ప్రసంగాలు విన్నామో బాబూ, ఆ గొట్టం మాత్రం అక్కడే ఉంది” అన్నారు ఆ ఇంటి పెద్దామె.

పక్కింటివారి అనుమతి తీసుకొని, ఒక మేస్త్రీని వెంటబెట్టుకొని మేము ఆ మేడ ఎక్కాము. తగవు మూలం అక్కడే కనిపించింది. తూము నోటికి చదునైన జాలీ బిగించి ఉన్నది. పక్క చెట్ల నుంచి రాలిన కొబ్బరి పూత, ఎండు ఈనెలు దానిపై చాపలా పరుచుకున్నాయి. దారి మూసుకుపోయిన నీరు స్లాబుపై నిలిచి, పిట్టగోడ అడుగున ఉన్న సన్నని బీట గుండా మిత్రుని గోడపైకి దిగుతున్నది. కొబ్బరి తోటల నడుమ కట్టే ఇంటికి చదును జాలీ తగదు. దానిని మూయడానికి ఒక్క ఆకు చాలు. గుమ్మటంలా పైకి ఉబికిన జాలీ అయితే చెత్త చుట్టూ చేరినా, పైభాగం నుంచి నీరు పోతూనే ఉంటుంది.

నీరంటే ఎంత నీరు? ఒక సెంటు విస్తీర్ణమున్న కప్పుపై 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే, దిగే నీరు సుమారు 2,000 లీటర్లు. కోనసీమలో నైరుతి వానలు వెళ్ళీ వెళ్ళకముందే ఈశాన్య వానలు, వాటి వెంట తుఫానులు వస్తాయి. 1996 నవంబరు 6 నాటి తుఫానును చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. అంత నీటికి మనం చూపే దారి చాలా ఇళ్ళలో మూడంగుళాల గొట్టం ఒక్కటే. నిలువు గొట్టం విషయంలో ఒక అంగుళం చిన్న తేడా కాదు. మూడంగుళాల గొట్టం తీసుకునే నీరు నాలుగంగుళాల గొట్టం తీసుకునే దానిలో దాదాపు సగమే. ఇల్లు కట్టేటప్పుడు ఈ ఒక్క అంగుళం దగ్గర పొదుపు చేసి, తరువాత గోడల సున్నానికి ఏటేటా ఖర్చుపెట్టేవారిని మేము చాలామందిని ఎరుగుదుము.

మేస్త్రీ గొట్టాన్ని పై నుంచి కింది వరకు తడిమి చూసి నవ్వాడు. అతుకు తలకిందులుగా ఉన్నది. పైపు వెడల్పు నోరు, అంటే సాకెట్, పైకి చూడాలి. పై గొట్టం కొన అందులోకి దిగాలి. తిరగవేసి బిగిస్తే ప్రతి అతుకు దగ్గరా నీరు బయటికి కారి గోడను పట్టుకుంటుంది. దానికి ఎంత సిమెంటు పూసినా నిలవదు. ప్లాస్టిక్ గొట్టం ఎండకు సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. సిమెంటు దానితోపాటు కదలలేక పగులుతుంది. రబ్బరు రింగు ఉన్న అతుకు ఈ కదలికను ఓర్చుకుంటుంది. స్లాబులోంచి గొట్టం దిగేచోట కూడా ఉత్త సిమెంటు కాక సాగే గుణమున్న సీలెంటు వాడాలి. ఎండ నేరుగా తగిలే గొట్టానికి రంగు వేస్తే త్వరగా పెళుసుబారదు.

పెంకుటిళ్ళ సంగతి వేరు. కప్పులు కలిసే మూలల్లోనూ, చూరు వెంబడీ అమర్చిన రేకు దోనెలకు ఇక్కడి ఉప్పుగాలి పెద్ద శత్రువు. తుప్పు మొదట మేకుల దగ్గర, తరువాత ఎప్పుడూ తడిగా ఉండే పల్లంలో మొదలవుతుంది. తారు పూత ఆ ఏటికి గట్టెక్కిస్తుందే తప్ప మందు కాదు. రేకు మీద రేకు అతికేటప్పుడు నీరు పారే దిశలో ఎగువ రేకు దిగువ రేకు మీదికి రావాలి. ఆధారపు కొక్కేలు దూరదూరంగా ఉంటే దోనె నడుమ కుంగి, అక్కడ నీరు నిలిచి, దోమలకు ఆశ్రయమవుతుంది. వాలు సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఇంజనీరు అవసరం లేదు. ఎగువ కొసన రెండు బిందెల నీరు పోసి చూడండి. ఎక్కడ ఆగితే అక్కడే దోషం.

ఇంతకీ చూరు నీటి తగవు కొత్తది కాదు. ముస్నద్ అహ్మద్‌లో ఒక ఉల్లేఖనం ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) శుభ్రమైన దుస్తులు ధరించి జుమా నమాజుకు వెళుతుండగా, హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంటి కప్పు గొట్టం నుంచి కోడిపిల్లల నెత్తురు కలిసిన నీరు ఆయనపై పడింది. ఖలీఫా ఆ గొట్టాన్ని తీసివేయించి, ఇంటికి వెళ్ళి, బట్టలు మార్చుకొని వచ్చి నమాజు చేయించారు. దానిని అక్కడ పెట్టినది స్వయంగా దైవప్రవక్త (స) అని అబ్బాస్ (రజి) తెలుపగానే, తన వీపుపై ఎక్కి దానిని తిరిగి యథాస్థానంలో పెట్టవలసిందిగా ఉమర్ (రజి) ప్రమాణపూర్వకంగా కోరారు. అబ్బాస్ (రజి) అలాగే చేశారు. ఒక గొట్టం కోసం ఖలీఫా వంగిన వీపు మాకు ఆ పెద్దామె మాటలతోపాటే గుర్తుకొచ్చింది.

మన దేశ చట్టమూ ఈ విషయాన్ని పట్టించుకున్నది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఇరవై ఏళ్ళపాటు బహిరంగంగా, శాంతియుతంగా, హక్కుగా, ఆటంకం లేకుండా అనుభవించిన సౌకర్యం హక్కుగా స్థిరపడవచ్చు. కాని కోర్టు తీర్పు వచ్చేలోగా గోడ నిలవాలి కదా!

గొట్టం కింది కొస గురించి తక్కువమంది ఆలోచిస్తారు. నేలకు రెండడుగుల ఎత్తున దానిని వదిలేస్తే, పడే నీరు పునాది పక్కన గుంట చేస్తుంది. ఇక్కడి జిగట నల్లమట్టి తడికి ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. గోడలో పగులు అక్కడి నుంచే పైకి పాకుతుంది. కొసకు వంపు బిగించి, కింద చిన్న చప్టా వేసి, నీటిని కాలువకో తొట్టికో మళ్ళించాలి. మరుగుదొడ్డి ట్యాంకులో కలపడం మాత్రం తగదు. పెద్దవానకు అది పొంగుతుంది. తొట్టిలో పట్టుకునేవారు తొలివాన నీటిని వదిలివేయడం మంచిది. కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్ట అందులోనే ఉంటాయి.

శుభ్రం చేయడానికి తడి కప్పు ఎక్కకండి. కరెంటు తీగలు దగ్గరగా ఉంటే అసలే వద్దు. జూన్ తొలివారంలో ఒకసారి, అక్టోబరు మొదట మరోసారి, పొడి రోజున, నిచ్చెన పట్టుకొనే మనిషి ఉండగా చేయవలసిన పని ఇది.

ఆ మేడపై పని ఒక పూటలో ముగిసింది. కొత్త జాలీ, తిరగవేసి బిగించిన రెండు అతుకులు, పిట్టగోడ బీటకు పూత. మేస్త్రీ కూలిని రెండు ఇళ్ళవారూ చెరిసగం ఇస్తామన్నారు. గోడ ఎండడానికి నెలలు పడుతుందనీ, అప్పటివరకు సున్నం వేయవద్దనీ మేస్త్రీ చెప్పి వెళ్ళాడు. మేము బయలుదేరేసరికి పక్కింటి నుంచి టీ వచ్చింది.