గుర్తు అదే... అర్థం వేరు!

పెట్టెలు నెట్టే 'సొకోబాన్' ఆట 1982లో జపాన్‌లో విడుదలైంది. దాని లెవెల్‌ను నోటుపుస్తకంలోనూ గీయొచ్చు. # గోడ, @ మనిషి, $ పెట్టె, చుక్క గమ్యం, * గమ్యం చేరిన పెట్టె.

మీరు గీసిన లెవెల్‌ను 'పజిల్‌స్క్రిప్ట్'లో ఆడించాలనుకోండి. అక్కడ గుర్తులకు అర్థాలు మనమే రాసుకోవచ్చు. కానీ అందులోని పెట్టెల నమూనా ఆటలో చుక్క అంటే ఖాళీ నేల, * అంటే ఉత్త పెట్టె, @ అంటే గమ్యం చేరిన పెట్టె! (కర్ణాటకలో 'తిండి' అంటే టిఫిను, మనకు అన్నమూ తిండే. ఇదీ అలాంటిదే.)

ముందుగా $లను *లుగా, ఆపై *లను @లుగా మార్చారో, పని చెడినట్టే. ప్రతి పెట్టె కిందా కొత్త గమ్యం పుడుతుంది. పెట్టెల కన్నా గమ్యాలు ఎక్కువైతే ఎంత నెట్టినా ఆ ఆట గెలవలేం. కంప్యూటరు మాత్రం తప్పని చెప్పదు.

అందుకే వరుస ముఖ్యం. మొదట మనిషి @ను ఇంగ్లిషు 'పీ'గా మార్చండి. తర్వాత *ను @గా, ఆ తర్వాతే $ను *గా. చుక్కలను ఇంగ్లిషు 'ఓ'లుగా మార్చాకే ఖాళీల్లో చుక్కలు పెట్టండి. పజిల్‌స్క్రిప్ట్‌లో వరుసలన్నీ ఒకే పొడవుండాలి, పొట్టివాటి చివర కూడా చుక్కలు నింపండి.