జేబులో పట్టే పటకారు - ఏ పనికి ఏది?

మన ఇళ్లలో కత్తిపీట చివర కొబ్బరికోరు ఉంటుంది. కూర తరగడం, కొబ్బరి తురమడం ఒక్క పీట మీదే అయిపోతాయి. ఒక పనిముట్టుతో రెండు మూడు పనులు చేసుకోవడం మనకు కొత్త కాదు. ఆ ఆలోచనే ఇప్పుడు మడత పటకారు రూపంలో పట్నం దుకాణాల్లో దొరుకుతోంది. దీన్ని ‘మల్టీటూలు’ అంటున్నారు. పిడులు విప్పితే పటకారు. ఆ పిడుల్లోనే కత్తి, స్క్రూడ్రైవరు, ఆకురాయి, చిన్న రంపం ఇమిడి ఉంటాయి.

ఎలా పుట్టింది?

స్విట్జర్లాండులో కార్ల్ ఎల్స్‌నర్ 1891లో సైనికులకు మడత కత్తులు తయారుచేసి ఇచ్చాడు. తుపాకీ మరలు విప్పడానికి, ఆహారపు డబ్బాలు తెరవడానికి ఆ ఒక్క కత్తే. అందులో పటకారు లేదు. 1975లో పాత కారులో ఐరోపా తిరిగిన అమెరికన్ టిమ్ లెదర్‌మన్‌కు ఆ లోటు తెలిసివచ్చింది. కారు మొరాయించినప్పుడల్లా జేబులో కత్తి ఉంది గాని పటకారు లేదు. ఆయన తయారుచేసిన మడత పటకారు 1983లో అమ్మకానికి వచ్చింది.

తేలికదా, బరువైనదా?

వీటిలో చిన్నవి వంద గ్రాముల లోపే ఉంటాయి. మధ్యరకం రమారమి పావుకిలో. మోటు పనులకు చేసినవి మూడు వందల గ్రాములు దాటతాయి.

ఎరువుల బస్తా కుట్టు కోయడానికి, డ్రిప్పు పైపు కత్తిరించడానికి, స్కూటరు మర బిగించడానికి చిన్నది చాలు. రోజూ జేబులో ఉంటుంది కాబట్టి అవసరానికి అందుతుంది. కాని దానితో కంచె తీగ తెంపబోతే దవడలు పక్కకు జరిగి కీలు వదులవుతుంది. పిడి అంచులు అరచేతిలో గుచ్చుకుంటాయి.

బరువైన దానికి దవడలు మందం, కీలు వెడల్పు. కొన్నింటిలో తీగ తెంపే అంచులు అరిగితే మార్చుకోవచ్చు. అయితే జేబు లాగేస్తుంది, నడుముకు తోలు సంచి కట్టుకోవాలి. బరువని ఇంట్లో వదిలేస్తే కొన్నా కొననట్టే.

ఎంత పెద్దదైనా స్పానరుకు సాటిరాదు. బిగిసిన నట్టును పటకారుతో తిప్పితే అంచులు అరిగి గుండ్రమవుతుంది. ఆ తర్వాత స్పానరూ పట్టదు.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

రైతులు ముఖ్యంగా గమనించవలసినది ఒకటుంది. వీటి పిడులు చాలావరకు వట్టి ఇనుమే. కరెంటు పనివాళ్ల కటింగ్ ప్లేయరుకు ఉండే తొడుగు వీటికి ఉండదు. తడి కాళ్లతో మోటారు స్టార్టరు డబ్బాలో దీన్ని పెట్టడమంటే చావును పిలవడమే. ఫ్యూజు పోతే లైన్‌మన్‌కు కబురు చేయాలి. ట్రాన్స్‌ఫార్మరు జోలికి అసలు పోరాదు.

కొనేముందు

దవడలు మూసి పలుచని కాగితం పట్టించి లాగాలి. జారితే అది సన్నని తీగను పట్టలేదు. విప్పిన కత్తి దానంతట అది మడతపడకుండా తాళం ఉందో లేదో చూడాలి. తాళం లేని కత్తి నొక్కి పనిచేసేటప్పుడు వేళ్ల మీదికే మూసుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలయినా యూరియా, చెమ్మ తగిలితే తుడిచి, కీళ్లకు చుక్క నూనె వేయాలి.

జేబులో చిన్నది, ఇంట్లో మంచి స్పానర్లు, తొడుగున్న కటింగ్ ప్లేయరు ఉంటే చాలామంది రైతులకు పని గడుస్తుంది. రోజూ కంచెలు, పైపులతో కుస్తీ పట్టేవారికే బరువైనది దండగ కాదు.