మీటర్ బోర్డులో ఎల్‌ఈడీ: అపోహలు – వాస్తవాలు

మారుతి 800, అంబాసిడర్ లాంటి పాత కార్లలో రాత్రిపూట మీటర్ బోర్డు మసకబారి కనిపిస్తుంది. ఫిలమెంటులోని టంగ్‌స్టన్ ఏళ్ల తరబడి ఆవిరై గాజు లోపల పేరుకోవడంతో బల్బులు నల్లబడతాయి. వాటి బదులు ఎల్‌ఈడీలు వేసుకోవచ్చు. కాకపోతే ముందు కొన్ని అపోహలు వదిలించుకోవాలి.

అపోహ: హోల్డర్‌లో పడితే చాలు, వెలుగుతుంది.
వాస్తవం: ఫిలమెంటు బల్బును ఎటు తిప్పి పెట్టినా వెలుగుతుంది. ఎల్‌ఈడీలో కరెంటు ఒకవైపే పారుతుంది. ప్లస్, మైనస్ తారుమారైతే చాలా రకాలు వెలగవు. పాడైందని పారేయకండి. తీసి, రెండో వైపుకు తిప్పి పెట్టండి. మీటర్ బోర్డు బిగించకముందే లైట్ల స్విచ్ వేసి చూసుకుంటే మళ్లీ విప్పే పని ఉండదు.

అపోహ: వెలుగు ఎంత ఎక్కువైతే అంత మంచిది.
వాస్తవం: కొనమీద ఒక్క చిప్ ఉన్న ఎల్‌ఈడీ వెలుగు నేరుగా ముందుకే పోతుంది. స్పీడోమీటరులో 60 అంకె దగ్గర తెల్లటి మచ్చ, 120 దగ్గర చీకటి! చుట్టూ చిప్‌లున్న రకం తీసుకోండి. మరీ కాంతివంతమైనది రాత్రి కళ్లకు కొడుతుంది. పాతకాలపు డిమ్మర్ తిప్పినా ఎల్‌ఈడీ వెలుగు సరిగ్గా తగ్గకపోవచ్చు.

అపోహ: తెల్ల ఎల్‌ఈడీ అన్నిచోట్లా పనికొస్తుంది.
వాస్తవం: తెల్ల ఎల్‌ఈడీల్లో ఎక్కువ భాగం నీలి చిప్ మీద పసుపు పూత పూసి చేసినవే. వాటిలో ఎరుపు తక్కువ. అందుకే ఎర్ర ప్లాస్టిక్ వెనుక పెడితే ఆయిల్ ప్రెషర్ లైటు వెలవెలబోతుంది. ఎర్ర గుర్తు వెనుక ఎర్ర ఎల్‌ఈడీయే వేయాలి. పచ్చ తొడుగు వెనుక ఎర్రది పెడితే దాదాపు ఏమీ కనబడదు.

అపోహ: బల్బు పని వెలుగివ్వడమే. అన్నీ మార్చేయొచ్చు.
వాస్తవం: అసలు చిక్కు ఇక్కడే. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్ మేల్కొనడానికి కావలసిన తొలి కరెంటు బ్యాటరీ గుర్తు బల్బు గుండానే వెళ్తుంది. 12 ఓల్టుల దగ్గర 1.2 వాట్ల బల్బు 100 మిల్లీయాంపియర్లు పంపితే, చిన్న ఎల్‌ఈడీ పంపేది అందులో ఐదో వంతో, ఇంకా తక్కువో. దాంతో ఇంజిన్ స్టార్టయినా చార్జింగ్ మొదలుకాకపోవచ్చు. ఆ ఒక్క బల్బును అలాగే ఉంచండి. లేదా ఎలక్ట్రీషియన్‌తో పక్కన తగిన రెసిస్టర్ వేయించండి.

కుడి, ఎడమ ఇండికేటర్లకు కలిపి ఒకే గుర్తు బల్బున్న కార్లూ ఉన్నాయి. అందులో కరెంటు ఓసారి ఇటునుంచి, ఓసారి అటునుంచి వస్తుంది. మామూలు ఎల్‌ఈడీ పెడితే ఒకవైపు తిరిగేటప్పుడే వెలుగుతుంది.

అపోహ: ఎల్‌ఈడీలతో మైలేజీ పెరుగుతుంది.
వాస్తవం: 1.2 వాట్ల బల్బులు ఐదు కలిపినా 6 వాట్లే. రెండు హాలోజన్ హెడ్‌లైట్లే 110 వాట్ల దాకా తీసుకుంటాయి. ఇక మైలేజీలో తేడా ఎక్కడ తెలుస్తుంది? వేడి తగ్గడం, ఎక్కువ కాలం మన్నడమే అసలు లాభం. ఆ మన్నిక కూడా సరుకును బట్టే. ఇంజిన్ నడుస్తుంటే ఓల్టేజి 14 దాకా వెళ్తుంది. కరెంటును అదుపులో పెట్టే ఏర్పాటు లేని చవకరకం త్వరగా పోతుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేయండి. మీటర్లకు వెలుగిచ్చే బల్బులను నిశ్చింతగా మార్చుకోండి. హెచ్చరిక గుర్తుల జోలికి మాత్రం వైరింగ్ తెలిసిన మెకానిక్‌ను అడిగాకే వెళ్లండి.